మూడో నొక్కు

ఫైటింగ్ గేములు ఆడతానని చెబితే జనం ముందు నా మొహం చూస్తారు, తర్వాత నా జడ చూస్తారు, ఆ తర్వాత "నువ్వా?" అంటారు. నేనే. పెనుకొండ దగ్గర కార్ల విడిభాగాలు చేసే కంపెనీలో స్టోర్సు చూసుకుంటాను. ముప్పై దాటి మూడేళ్లయింది, తలలో నాలుగు తెల్లవెంట్రుకలు కూడా వచ్చాయి. అయినా ఆడతాను. ఆడేదాన్ని అనాలేమో. అదీ ఒకే ఒక్క గేము, మొదటి పార్టు నుంచి ఎనిమిదో పార్టు దాకా సాగిన గేము. దాని పేరు రాయను. ఆడేవాళ్లు ఎలాగూ పోల్చుకుంటారు, మిగతావాళ్లకు పేరుతో పనిలేదు.

దాన్ని నాకు నేర్పింది మా అన్న. గేము గురించే రాద్దామని కూర్చున్నాను గానీ, అన్న చెయ్యి గురించి చెప్పకుండా ఆ గేము గురించి నాకు ఒక్క ముక్క చెప్పడం రాదు.

మాది ధర్మవరం. నాయన మగ్గం నేస్తాడు. అమ్మ పుట్టిల్లు హిందూపురం. ఎండాకాలం సెలవులకు మమ్మల్నిద్దరినీ అక్కడ అవ్వ దగ్గర వదిలేవాళ్లు. బస్టాండు పక్క సందులో ఒక గదిలో నాలుగు టీవీలు పెట్టి, గంట లెక్కన గేములు ఆడించేవాడొకడు ఉండేవాడు. కొత్త పార్టుకు ఒక రేటు, పాత పార్టుకు సగం రేటు. ఆడపిల్లలు రాకూడదని ఎక్కడా రాసిపెట్టలేదు గానీ ఎవరూ వచ్చేవాళ్లు కాదు. నేను గడప దగ్గర నిలబడి చూసేదాన్ని. ఓనరు కన్నడం, తెలుగు కలిపి కసిరేవాడు. "ఏ పాపా, దుడ్లు ఉంటే లోపలికి రా, ల్యాకుంటే గాలికి అడ్డం నిలబడొద్దు." ఏం గాలో మరి, పైన ఫ్యాను తిరిగితే కదా.

చేతిలో చిల్లర తక్కువున్న రోజు అన్న మొదటి పార్టు ఆడేవాడు, ఎక్కువున్న రోజు మూడో పార్టు. అందువల్ల ఒకే వారంలో ఆ గేము పసితనం నుంచి పెరగడం చూశాం. మొదటి పార్టులో మనుషులు ఇటుకలు పేర్చినట్టు ఉంటారు. చేతులకు వేళ్లు ఉండవు, పిడికిలి ఒక ముద్ద, అంతే. రెండో పార్టుకు మొహాలు కాస్త మనుషుల మొహాలయ్యాయి. మూడో పార్టులో పక్కకు అడుగేసి దెబ్బ తప్పించుకోవడం వచ్చింది. అన్నింట్లోనూ ఒక కుస్తీవాడు ఉండేవాడు, అన్న ఎప్పుడూ వాడినే తీసుకునేవాడు. వాడు ఎదుటివాణ్ని పట్టుకుని, భుజం మీదికి ఎత్తి, తిప్పి, మళ్లీ పట్టుకుని, చివరికి నేలకేసి కొడతాడు. ఆ గదిలో పిల్లలందరూ దాన్ని ఎత్తేసుడు అనేవాళ్లు. దానికి అయిదు నొక్కులు ఉంటాయి, ఒకదాని వెంట ఒకటి. మూడో నొక్కులో రెండు బటన్లు ఒకేసారి పడాలి, బొటనవేలూ చూపుడువేలూ కలిపి. రెప్పపాటు తేడా వచ్చినా ఎదుటివాడు విడిపించుకుంటాడు. ఆ గదిలో దాన్ని చివరిదాకా తీసుకుపోగలిగింది మా అన్న ఒక్కడే.

ఎలా నేర్చుకున్నాడంటే, మగ్గంతో. మా నాయన గుంటలో కాళ్లు పెట్టి నేస్తుంటే వినపడే చప్పుడుంది కదా, తొక్కడం, నాడెను అటూ ఇటూ విసరడం, దారాన్ని బిగించడానికి పలక కొట్టడం. అది పుట్టినప్పటి నుంచి మా చెవుల్లో ఉంది. అన్న ఆ లెక్కలో నొక్కేవాడు. ధర్మవరం తిరిగొచ్చాక నాకు బడి పలక మీద సుద్దతో నాలుగు గుండ్రాలు గీసి, నాయన నేస్తుంటే ఆ చప్పుడుకు వేళ్లు వేయించేవాడు. "తొక్కు, విసురు, కొట్టు. ఆ కొట్టు దగ్గరే రెండు వేళ్లు, మే. చూసి కాదు, ఇని ఏయాల." గేము లేదు, టీవీ లేదు, సుద్ద గుండ్రాలు అంతే. ఆ సెలవుల తర్వాత నేను గేము పట్టుకునే నాటికి నా వేళ్లకు సగం వచ్చేసి ఉంది. అంత మంచి మాస్టరు నాకు బడిలో కూడా దొరకలేదు.

నాలుగో పార్టు వచ్చినప్పుడు అన్న పదో తరగతి. ఆ పార్టులో నేలకు ఎగుడుదిగుళ్లు పెట్టారు, గోడలు పెట్టారు. ఎగుడుదిగుళ్లు ఎవరికీ నచ్చలేదు, తర్వాతి పార్టులో తీసేశారు. అన్నను కూడా ఆ ఏడే బడి నుంచి తీసేశారు. నాయనకు నడుం పట్టేసింది, మగ్గం ఖాళీగా ఉండకూడదు, ఇద్దరిలో ఒకరే చదవాలంటే అన్న నన్ను చూపించాడు. ఇప్పుడు నెలకోసారి నా ఖాతాలో పడే జీతం అన్న వదిలేసిన బడి. ఈ మాట వాడితో ఎప్పుడూ అనలేదు, అని ఉండాల్సింది.

అయిదో పార్టుకు ఎవరి దగ్గరో పాత గేము మిషను కొని తెచ్చాడు. అందులో మనుషులకు బట్టలు మార్చుకోవచ్చు. కుస్తీవాడికి ఆవపువ్వు రంగు బట్ట, దానికి కుంకుమ రంగు అంచు వేశాడు. నెల తర్వాత మగ్గం మీద అదే జోడీ ఎక్కింది. చీరల షావుకారి "ఈ రంగులు యాడ పట్టినావప్పా?" అని అడిగితే, అన్న గంభీరంగా మొహం పెట్టి "మా కుస్తీ పైల్వాను చెప్పినాడు" అన్నాడు. ఆరో పార్టు రోజుల్లో నేను హిందూపురం కాలేజీకి రైల్లో పోయి వచ్చేదాన్ని. ఏడో పార్టులో ఒక కొత్త పద్ధతి తెచ్చారు: ఒంట్లో ప్రాణం అయిపోవస్తున్నప్పుడు మనిషి రోషంతో ఒక పెద్ద దెబ్బ కొట్టొచ్చు. ఓడిపోయేవాడు కూడా చివర్లో ఒక్క దెబ్బతో గెలవొచ్చు. అది మాకు బాగా నచ్చింది. గేము చేసేవాళ్లు ఎంత అబద్ధం చెబుతారో అప్పట్లో తెలియదు.

ఒక సంగతి చెప్పాలి. ప్రతి కొత్త పార్టులోనూ నొక్కుల టైమింగు కొంచెం మారుస్తారు. కాబట్టి కొత్త పార్టు వచ్చిన ప్రతిసారీ అన్న ఎత్తేసుడు తప్పేది. రెండు వారాలు తప్పి, మళ్లీ కుదిరేది. అది మాకు ఎంత అలవాటంటే, తప్పకపోతేనే ఆశ్చర్యపోయేవాళ్లం.

ఎనిమిదో పార్టు కోసం నేనే కొత్త మిషను కొన్నాను, జీతంలో నెలనెలా కట్టుకునేలా. అన్న దాన్ని పెట్టెలోంచి తీసి పసిపిల్లను పట్టుకున్నట్టు పట్టుకున్నాడు. తెరమీద కుస్తీవాడి చేతులు చూసి ఇద్దరం నోరు తెరిచాం. వేలి కణుపులు, గోళ్లు, అరచేతి గీతలు కూడా కనపడుతున్నాయి. "మన నాయన చేతుల మాదిరి ఉండాయి మే" అన్నాడు. ఆ రాత్రి ఆడితే ఎత్తేసుడు మూడో నొక్కు దగ్గర తెగిపోయింది. నేను నవ్వాను. "టైమింగు మార్చినారులే అన్నా. రెండు వారాలు చూడు."

రెండు వారాలు పోయాయి. రెండు నెలలు పోయాయి. తగల్లేదు. నేను మరీ తెలివిగా ఇంటర్నెట్టులో వెతికి, ఈ పార్టులో పట్టు విడిపించుకోవడం తేలిక చేశారని ఎవరో రాసినది వాడికి చదివి వినిపించాను. "అదే అయుంటాది" అన్నాడు అన్న. ఎంత తేలిగ్గా ఒప్పుకున్నాడో. నా చెప్పుతో నన్నే కొట్టుకోవాలనిపిస్తుంది ఇప్పుడు.

ఒకరోజు పని అయ్యాక పెనుకొండలో బస్సు కోసం నిలబడి ఉంటే అన్న ఫోను చేశాడు. "మే, ఆ గేములో రెండు బటన్లను కలిపి ఒగే బటను చేసేది ఉంటాదంటనే. అది యాడ ఉండాది?" ఉంది, నాకు తెలుసు. కానీ హిందూపురం గదిలో అలా పెట్టుకున్న పిల్లలను వెక్కిరించి ఏడిపించింది వీడే. "సిగ్గులేదా అన్నా? అది మోసమని నువ్వే కదా అంటాంటివి. వేళ్లు ల్యావా నీకు?" అన్నాను. "ఉండాయిలే" అని పెట్టేశాడు. బస్సు వచ్చింది, కిటికీ పక్క సీటు దొరికింది, హాయిగా నిద్రపోతూ ఇంటికి వచ్చాను.

అదే రోజుల్లో మగ్గం మీద అన్న మొదలుపెట్టిన పడుగు ఒకటి ఉంది. ఒక పడుగులో మూడు చీరలు వస్తాయి. మా ఇళ్లలో ఒక పద్ధతి ఉంది: పడుగు ఎవరు మొదలుపెడితే వాళ్లే దించాలి. ఇంకొకరు మధ్యలో కూర్చుంటే పలక కొట్టే బలం మారుతుంది, మారిన చోట బట్టలో గీత పడినట్టు కనిపిస్తుంది, షావుకారి తీసుకోడు. జ్వరమొస్తే మగ్గం ఆగుతుంది గానీ చెయ్యి మారదు. ఆ మూడు చీరలూ ఒకే ఇంటి పెళ్లికి చెప్పి నేయించుకున్నవి. మొదటిది అమ్ముడైంది. రెండోదానికి షావుకారి మొహం చిట్లించాడు. మూడోదాన్ని ట్యూబులైటుకు ఎత్తి పట్టి చూసి, మడిచి వెనక్కి ఇచ్చాడు. మొదట్లో బిగువుగా ఉండి, కొంగు దాకా వచ్చేసరికి నేత జల్లెడలా వదులైపోయింది.

నాయన దారాన్ని తిట్టాడు. "ఈ తూరి దారం మంచిది రాల్యా. వానలకు చెమ్మ పట్టింటాది." నేను గేమును తిట్టినట్టే ఆయన దారాన్ని తిట్టాడు. అన్న కుడిచేతి బొటనవేలి కింద కండ తగ్గి గుంట పడిందని అమ్మ చూసి చెబితే, దానికీ నాయన దగ్గర జవాబు ఉంది. "నాడె తాడు గుంజి గుంజి మగ్గం చెయ్యి అట్లనే అవుతాది. నాది చూడు." చూపించాడు. నిజమే, ఆయనకూ కాస్త ఉంది. వీధిలో నేసేవాళ్లందరికీ ఎంతోకొంత ఉంది. అమ్మ ఆముదం వెచ్చజేసి రుద్దింది. ఒక నేతగాడి చెయ్యి సన్నబడితే నేతగాళ్ల వీధిలో ఎవరికి అనుమానం వస్తుంది?

చివరికి పట్టుకున్నది నాయనే. కొత్త పడుగు ఎక్కించాక పక్కన కూర్చుని చూస్తుంటే, అన్న తాడును వేళ్లతో కాదు, మణికట్టుకు చుట్టుకుని మోచేత్తో లాగుతున్నాడు. నాయన లేచి వెళ్లి మగ్గం ఆపి, అన్న చెయ్యి తన చేతుల్లోకి తీసుకుని, "గట్టిగా పట్టుకో నాయనా" అన్నాడు. అన్న పట్టుకున్నాడు. నాయన గడపలో నిలబడ్డ నా వైపు చూశాడు. ఆ చూపు చూశాక నాకు ఇక ఎవరూ ఏమీ చెప్పక్కర్లేదు.

హిందూపురంలో నరాల డాక్టరు ఆ గుంటలో వేలు పెట్టి చూసి, చొక్కా విప్పించి భుజాలు చూసి, నాలుక బయటపెట్టమని దాన్ని చాలాసేపు చూసి, బెంగళూరికి చీటీ రాశాడు. బెంగళూరులో మూడు రోజులు సూదులు గుచ్చి పరీక్షలు చేశారు. జబ్బు పేరు చెప్పారు. కండరాలను కదిపే నరాలు ఒక్కొక్కటీ ఎండిపోతాయట. ముందు చేతులు, తర్వాత కాళ్లు, మాట, మింగడం, ఆఖరికి ఊపిరి. మందు లేదా అని నాయన కన్నడంలో అడిగాడు, భాష మారిస్తే జవాబు మారుతుందన్నట్టు. కొంచెం ఆలస్యం చేసే మాత్ర ఉందన్నారు. అన్నకు అప్పుడు ముప్పై ఆరు.

"ఆరేడు నెలల ముందే వచ్చుంటే?" అని నేను అడిగాను. పెద్ద తేడా ఉండేది కాదని డాక్టరు చెప్పాడు. పాపం, నా మీది బరువు దించాలని చెప్పి ఉంటాడు. నాకు మాత్రం ఒళ్లు మండిపోయింది. తప్పు నాదైతే కనీసం నన్ను నేను తిట్టుకుని బతికేదాన్ని. దానికి కూడా చోటు లేకుండా చేశాడు.

అదంతా జరిగి ఏడాది దాటింది. అన్న ఇప్పుడు మంచం మీద, వెనక మూడు దిండ్లకు ఆనుకుని ఉంటాడు. చేతులు ఒళ్లో పెడితే ఒళ్లోనే ఉంటాయి. మాట ముద్దయింది, ఇంట్లోవాళ్లకు తప్ప అర్థం కాదు. మగ్గం నాయన నేస్తాడు, రోజుకు మూరెడు, నడుం పట్టుకుని. జబ్బు నయమవుతుందని ఇంట్లో ఎవరూ అనరు. కోటి దేవుళ్లకు మొక్కిన అమ్మ కూడా అనడం మానేసింది.

మొన్న ఆదివారం మధ్యాహ్నం అన్న కళ్లతో టీవీ వైపు చూపించాడు. గేము పెట్టమంటున్నాడు. నెలల తరబడి దాని మీద గుడ్డ కప్పి ఉంది. దుమ్ము దులిపి పెట్టాను. ఈ ఎనిమిదో పార్టులో, ఇన్ని పార్టుల్లో ఎప్పుడూ ఇంత బాగా లేనిది ఒకటి ఉంది. మనం ఆడే తీరును మిషను గమనించి, మనలాగే ఆడే నీడను ఒకదాన్ని తయారు చేస్తుంది. మనం లేకపోయినా దానితో ఎవరైనా ఆడవచ్చు. నాకు దాని గురించి తెలుసు గానీ ఎప్పుడూ తెరిచి చూడలేదు. ఆ రోజు చూస్తే అన్న పేరు మీద ఒక నీడ ఉంది. ఎన్ని ఆటలు చూసి నేర్చుకుందో పక్కనే రాసి ఉంది. వేలల్లో ఉంది. మేమిద్దరం సాయంత్రాలు కలిసి ఆడినవి ఎంత కలిపినా మూడొందలు దాటవు.

ఒక పిచ్చి ఆశ వచ్చింది, ఒప్పుకుంటాను. మనిషి చెయ్యి పోయినా వాడి ఆట ఇందులో దాచి ఉందేమో అనుకున్నాను. "అన్నా, నీతోనే ఆడతాండా చూడు" అని నీడను ఎదురు నిలబెట్టాను.

కుస్తీవాడు వచ్చాడు. ఆవపువ్వు రంగు బట్ట, కుంకుమ అంచు. నడక అన్నదే, ఆగి ఒకడుగు వెనక్కి వేసి వచ్చే తీరు అన్నదే. వచ్చి నన్ను పట్టుకున్నాడు. ఒకటి, రెండు, మూడో నొక్కు దగ్గర తెగిపోయింది. మళ్లీ వచ్చాడు. ఒకటి, రెండు, తెగిపోయింది. వేరే దెబ్బ కొట్టడు. గుద్దడు, తన్నడు. మళ్లీ అదే. మనిషైతే రెండుసార్లు తప్పాక ఇంకొకటి ప్రయత్నిస్తాడు. ఇది మాత్రం తప్పేకొద్దీ అదే వేస్తోంది.

మిషను తనంతట తాను ఏమీ చేయదు, చూసిందే చేస్తుంది. అన్నం తిన్నాక అందరూ కునుకు తీసే వేళ, నేను కంపెనీలో ఉన్న వేళ, అన్న ఒక్కడే కూర్చుని రోజూ ఆ మూడో నొక్కు వేసి చూసుకున్నాడు. ఈ రోజు పడుతుందా, నిన్నటి కంటే నయమా అని.

"అన్నా, నీకు అప్పుడే తెలుసునా?"

కళ్లు మూసి తెరిచాడు. అంటే అవును.

"మరి యాల చెప్పల్యా?"

మాట కూడదీసుకోవడానికి చాలాసేపు పట్టింది. "పడుగు... సగంలో ఉండె." ఊపిరి తీసుకున్నాడు. "చెప్తే... నాయన... నన్ను మగ్గం దింపేస్తాడు."

దేవుడా. మూడు చీరల కోసం. అందులో మూడోది వెనక్కి వచ్చింది, అమ్మ పెట్టెలో ఉంది, దాన్ని ఎవరూ కట్టుకోరు. నాకు వచ్చిన కోపానికి రిమోటు విసిరికొట్టి ఉండేదాన్ని. ఎవరి మీద కొట్టను? నోరు నొక్కుకుని మిషను ఆపబోయాను.

"వద్దు" అన్నాడు. "ఇంగొక తూరి... పెట్టు."

"ఏముందన్నా అందులో?"

"తగులుతాదేమో... చూద్దాం."

పెట్టాను. ఈసారి నేను బటన్ల మీద నుంచి వేళ్లు తీసేసి రిమోటు ఒళ్లో పెట్టుకున్నాను. నా మనిషి తెర మధ్యలో చేతులు దించి ఊరికే నిలబడ్డాడు. కుస్తీవాడు వచ్చి పట్టుకున్నాడు, ఎత్తాడు, మూడో నొక్కు దగ్గర వదిలేశాడు. మళ్లీ పట్టుకున్నాడు. అన్న తల ముందుకు చాచి, తెర మీది ఆ చేతుల వంకే చూస్తున్నాడు. అమ్మ గంజి తెచ్చి చల్లారిపోతోందని చెప్పేదాకా అలా చూస్తూనే ఉన్నాడు. ఒక్కసారి కూడా తగల్లేదు.